కర్నల్ కాలిన్ మెకంజీ

స్కాట్లండునకు చెందిన లూయిస్ ద్వీపమున జన్మించిన కాలిన్ మెకంజీ 1783లో తూర్పు ఇండియా కంపెనీ సేనలో చేరి చెన్నపట్టణమునకు వచ్చెను. అతడు ఇంజనీరు. కోటగోడలను, కందకములను, సేనలు నడువదగిన దారులను కొలిచి పటములు గీయుట అతని విధి. 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడియందును అతడు పాల్గొనెను. యుద్ధము ముగిసినంతనే అట్టి పటములు చిత్తుకాగితములగుట లోకములో మామూలే. మెకంజీ మాత్రము తన కాగితములను పారవేయలేదు. పిదప మైసూరు సీమను కొలుచు పని లభింపగా, పటములతోపాటు గ్రామచరిత్రలను, శాసనములను గూడ సేకరింప నారంభించెను. ఏలూరివాడైన కావలి బొఱ్ఱయ్య ఇందులకు అతనికి కుడిభుజమయ్యెను. 1803లో బొఱ్ఱయ్య అకాలమరణము నొందగా, సోదరుడు లక్ష్మయ్య ఆ భారము వహించెను.

1811లో ఆంగ్లేయులు డచ్చివారినుండి జావాను గెలుచుకొనిరి. గెలిచినవారు ఓడినవారి కాగితములను లెక్కచేయుదురా! ఆ యుద్ధమునకు వెళ్లిన మెకంజీ అక్కడి కచేరీలలోని దస్తావేజులను, పటములను వెదకి ప్రోగుచేసి, కొన్నింటిని అనువదింపజేసెను.

1815లో అతడు భారతదేశపు మొదటి సర్వేయరు జనరలయ్యెను. కూర్చినదాని కంతకును తానే పట్టిక వ్రాయవలెనని అతని కోరిక. అది తీరకయే 1821 మే 8వ తేదీన మరణించెను. కంపెనీవారు ఆ సేకరణమును అతని భార్యనుండి లక్షరూపాయలకు కొనిరి. ఆ పనిని సాగించుటకు లక్ష్మయ్య అనుమతి వేడినను, పెద్దలు అంగీకరింపలేదు. పటములును, డచ్చి కాగితములును నేడు లండనులో నున్నవి. గ్రామచరిత్రలు పెక్కు చెన్నైలో నున్నవి.