స్ఫటికం కోసం ఒక జీవితం: యల్లాప్రగడ సుబ్బారావు

చోడవరం పరిసరాల్లో చెరకు పండించే ఇళ్ళకు బెల్లానికీ పంచదారకూ తేడా మేము చెప్పనక్కరలేదు. బెల్లంలో రసమంతా కలిసే గడ్డకడుతుంది. పంచదారలో తీపి ఒక్కటే స్ఫటికాలుగా విడిపోతుంది, మిగిలింది నల్లని మడ్డిలో ఉండిపోతుంది. ఆ స్ఫటికాలను కరిగించి మళ్ళీ స్ఫటికం కట్టిస్తే మరింత శుద్ధి అవుతాయి. గులాబీ అర్ఖులా ఆవిరిపట్టి చల్లార్చడం మరో పద్ధతి. హకీం రాజీ వెయ్యేళ్ళ క్రితమే దాని పరికరాలను వర్ణించారు. అయితే వేడికి ఆవిరయ్యే లోపే చెడిపోయే పదార్థాలకు స్ఫటికమే దిక్కు. అలాంటి పదార్థాలతోనే జీవితం గడిపిన తెలుగువారు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరు ఆగ్రహించగా, పూర్తి డిగ్రీకి బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. తిన్నది ఒంటబట్టనివ్వక, విరేచనాలతో మనిషిని ఎండగట్టే స్ప్రూ వ్యాధితో అన్న పురుషోత్తం చనిపోయారు. తర్వాత ఆ వ్యాధే సుబ్బారావుగారినీ పట్టుకుంది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి మందుతో బతికారు.

తర్వాత అమెరికా చేరి, పొట్టకూటికి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. ఆ చేతులే హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1927లో కండరం నుంచి ఫాస్ఫోక్రియాటిన్‌ను వేరు చేశాయి. కండరానికి శక్తినిచ్చే ఏ.టి.పి. 1929లో బయటపడింది. అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళారు.

అక్కడ ఆయన బృందం కాలేయం మీద పడింది. అందులో రక్తహీనతను తగ్గించేదేదో ఉందని అప్పటికే తెలుసు, కానీ అది వేల పదార్థాల మధ్య అణుమాత్రం. టెక్సాస్‌లో దానికోసం నాలుగు టన్నుల పాలకూరను వడగట్టారంటే శ్రమ ఊహించవచ్చు! 1943లో లెడర్లీలో స్ఫటికాలు చేతికొచ్చాయి. 1945 నాటికి కృత్రిమంగా తయారుచేశారు. అదే ఫోలిక్ ఆమ్లం, నేడు మన ఇళ్ళలో గర్భిణులు ఐరన్‌తో కలిపి వేసుకునే మాత్ర.

స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే వారు కోలుకున్నారు. అన్న పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది.

1948 వేసవిలో ఆయన విభాగం నుంచి ఆరియోమైసిన్ వెలువడింది. కొద్ది వారాలకే, ఆగస్టులో, 53వ ఏట ఆయన న్యూయార్క్‌లో మరణించారు. స్వదేశానికి తిరిగి రానేలేదు. నేటికీ స్ప్రూకు వైద్యులు రాసే మందులు రెండు: ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండోది ఆరియోమైసిన్ కుటుంబానికి చెందిన టెట్రాసైక్లిన్.