అనుదినము సమకూర్చు దేవుడు – జార్జి ముల్లర్ గారి జీవితము

దేవుడు తన బిడ్డల అవసరతలను తీర్చునని మనమందరము చెప్పుదుము. కాని నెలాఖరున బియ్యపు డబ్బా అడుగంటినప్పుడు, పిల్లల ఫీజు గడువు వచ్చినప్పుడు మన కాళ్లు ముందుగా అప్పిచ్చువాని గుమ్మము వైపే నడచును. ఈ విషయములో మనకు మాదిరిగా నిలిచిన జార్జి ముల్లర్ గారి జీవితమును ఈ శతజయంతి సంచికలో ప్రియ సంఘస్థుల ముందుంచుచున్నాము.

ముల్లర్ గారు 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశములో పన్నులు వసూలు చేయు ఉద్యోగి యింట జన్మించిరి. చిన్ననాడే తండ్రి సొమ్ము దొంగిలించెడివారు. పదునారవ యేట ఒక సత్రములో బస చేసి, బాకీ చెల్లింపలేక చెరసాల పాలైరి. 1825లో హల్లే విశ్వవిద్యాలయములో చదువుచుండగా ఒక విశ్వాసి యింటి ప్రార్థన కూటములో ఆయన హృదయము మారినది.

1829లో ఇంగ్లండు చేరి, టీన్మత్ అను ఊరిలో కాపరియైరి. ఆ దినములలో గుడి బల్లలకు అద్దె వసూలు చేసి కాపరికి జీతమిచ్చెడివారు. ఇది బీదలను చిన్నచూపు చూచుటయని తలంచి 1830లో ఆ జీతమును వదలుకొనిరి. ఆ యేడే మేరీ గ్రోవ్స్ గారిని వివాహమాడిరి. ఆమె సోదరుడగు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ గారే 1836లో బౌడెన్, బీర్ దొరలను ఇండియాకు తోడుకొని వచ్చిరి. వారిరువురు నర్సాపురము ప్రాంతమున సువార్త నాటిరి. ఈ విధముగా ముల్లర్ గారి కుటుంబమునకు మన గోదావరి డెల్టాతో సంబంధమున్నది.

1832లో బ్రిస్టలు పట్టణము చేరిన ముల్లర్ గారు 1836లో అనాథ బాలికలకు ఒక యింటిని తెరచిరి. ఇల్లు, సొమ్ము, పనివారు కావలెనని ప్రార్థించిరి గాని, పిల్లలను చేర్చుకొను దినమున ఒక్కరును రాలేదు. పిల్లల కొరకు ప్రార్థించుట మరచితినని ఆయనకు అప్పుడు తోచినది. ఆ రాత్రి ప్రార్థించగా మరునాడే మొదటి దరఖాస్తు వచ్చినది.

ఆయన తన అక్కరను మనుష్యులకు చెప్పలేదు, అప్పు చేయలేదు. చేత సొమ్ము లేనిదే సరుకు కొనరాదని నియమము పెట్టిరి. 1841 డిసెంబరులో మిక్కిలి ఇబ్బందిగా నున్నప్పుడు, లోటు బయటపడునని వార్షిక కూటమును, నివేదికను వాయిదా వేసిరి. అయితే వచ్చిన ప్రతి కానుకకు లెక్క వ్రాసి ప్రకటించెడివారు. ఒకప్పుడు సత్రపు బాకీతో చెరసాల చేరినవారు ఇంత నమ్మకస్థులైరి.

1857లో చలికాలపు ఆరంభమున పిల్లల గదులను వెచ్చజేయు బాయిలరు కారసాగినది. మరమ్మతు చేయవలెనన్న మంట ఆర్పవలెను. దక్షిణపు గాలి వీచవలెనని, పనివారికి పనిమీద మనసుండవలెనని ప్రార్థించిరి. ఆ దినమున వెచ్చని గాలి వీచెను. పనివారు రాత్రియంతయు పనిచేసిరి.

1870 నాటికి ఆష్లీ డౌన్‌లో అయిదు గొప్ప భవనములు, 2,050 మంది పిల్లలకు చోటు ఏర్పడినవి. ఆయన జీవితకాలములో పదివేలమందికి పైగా అనాథలు ఆశ్రయము పొందిరి. 1898 మార్చి 10న ఆయన ప్రభువునందు నిద్రించిరి.

ఆయనకు దుఃఖములు లేకపోలేదు. 1835లో పసికుమారుని పోగొట్టుకొనిరి. అడిగినదెల్ల దొరకుటయే విశ్వాసము కాదు. దొరకనప్పుడును తండ్రి మంచివాడని నమ్ముట విశ్వాసము. అది సోమరితనము కాదు, లెక్కలేనితనము కాదు. పెండ్లిండ్లకు, ఆడంబరములకు అప్పులు చేసి, పిమ్మట వాటిని తీర్చుమని దేవుని వేడుకొను మనము ఈ సంగతి ఆలోచింతుము గాక. ముందుగా మోకాళ్లూనుదము, ఉన్నదానితో సరిపెట్టుకొందము, పొరుగువాని లేమిని మరువకుందము. ఆయన పిల్లలకు రొట్టె పెట్టిన దేవుడే నేడు మన యిండ్లకును తండ్రియై యున్నాడు.