వేలూరు డాక్టరమ్మ వదులుకున్నవి

మన తిరుత్తణి, తిరువళ్లూరు వైపు ఎవరికైనా జబ్బు ముదిరిందంటే పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చే ఊరు వేలూరు. అరక్కోణం మీదుగా కాట్పాడిలో దిగితే చాలు, సి.ఎం.సి. ఆసుపత్రికి దారి ఎవరైనా చెప్తారు. దాన్ని మొదలుపెట్టిన ఐడా సోఫియా స్కడ్డర్ గారి కథ మనలో చాలామందికి సగమే తెలుసు. ఆమె ఏం కట్టారో తెలుసు గానీ, అందుకోసం ఏమేం వదులుకున్నారో అంతగా తెలియదు.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. తాతగారి కాలం నుంచీ ఆ ఇంట్లో మిషనరీ డాక్టర్లే. చిన్నతనంలోనే ధాత కరువు చూసింది. తిండిలేక సొమ్మసిల్లిన పిల్లలకు తన చేత్తో రొట్టెముక్కలు పెట్టింది. ఆ జ్ఞాపకంతో ఈ నేలంటేనే ఆమెకు భయం పట్టుకుంది. అమెరికాలో చదువుకుని, అక్కడే హాయిగా స్థిరపడాలని గట్టిగా అనుకుంది. 1890లో తల్లికి ఒంట్లో బాగాలేదని దిండివనం వచ్చినా, కొన్నాళ్లుండి వెళ్లిపోదామనే వచ్చింది.

అక్కడ ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఇంకొకరు మరో కులపు హిందువు. ముగ్గురి ఇళ్లలోనూ కాన్పు కష్టమై ప్రాణం మీదికొచ్చింది. ఐడాకు వైద్యం రాదు. మా నాన్న డాక్టరు, ఆయన్ని తీసుకెళ్లమంది. పరాయి మగవాణ్ణి లోపలికి రానివ్వలేమని ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. నిద్రలేకుండా ప్రార్థనలో గడిపిన ఆ రాత్రి తర్వాత, తను కోరుకున్న బతుకును దేవుడి చేతికి వదిలేసి, డాక్టరు చదువుతానని తల్లిదండ్రులకు చెప్పింది.

1899లో కార్నెల్‌లో వైద్య పట్టా తీసుకుని, ఆసుపత్రి కోసం పదివేల డాలర్ల విరాళంతో 1900లో వేలూరు చేరారు. తండ్రి పక్కన నిలబడి పని నేర్చుకుందామనుకుంటే, కొన్ని నెలలకే ఆయన కన్నుమూశారు. ఆ ఆసరా కూడా పోయింది. ఇంట్లోని చిన్న గదిలోనే ఒంటరిగా వైద్యం మొదలుపెట్టారు. 1902లో ఆసుపత్రి తెరుచుకుంది. మన తిరుత్తణి బిడ్డ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఇంచుమించు ఆ ఏళ్లలోనే అదే మిషన్ వారి ఊర్హీస్ కళాశాలలో చదువుకున్నారు.

1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల పెట్టారు. ఎవరొస్తారులే అని కొందరు పెదవి విరిచారు. మొదటి ఏడాదే నూట యాభైకి పైగా దరఖాస్తులొచ్చాయి.

ఇక్కడి దాకా వదులుకున్నవి తన సొంతవి. అసలు పరీక్ష ముసలితనంలో వచ్చింది. 1938 ప్రాంతంలో, యూనివర్సిటీ డిగ్రీ లేని వైద్య చదువులు ఇక చెల్లవని మద్రాసు ప్రభుత్వం తేల్చింది. డిగ్రీ కాలేజీ కావాలంటే పెద్ద భవనాలు, ఎక్కువమంది ప్రొఫెసర్లు, బోలెడు డబ్బు కావాలి. మగపిల్లల్నీ చేర్చుకుంటే ఇతర క్రైస్తవ మిషన్ల సాయం దొరుకుతుంది. కానీ అది ఆడవాళ్ల కోసం పుట్టిన చదువు. పైసా పైసా కూడబెట్టి పంపిన అమెరికా స్త్రీలలో కొందరు ససేమిరా ఒప్పుకోలేదు. ఏళ్లనాటి స్నేహాలు దెబ్బతిన్నాయి. మహిళా కళాశాలలో చదువుతున్న మనకు వాళ్ల బాధ సులువుగానే అర్థమవుతుంది. వాళ్ల వాదనలోనూ న్యాయముంది.

చెడ్డదాన్ని వదలడం ఒక ఎత్తు. తను ప్రాణంపెట్టి పెంచిన మంచిదాన్ని, దేవుడు దానికి ఇంకో రూపు ఇస్తాడని నమ్మి వదలడం ఇంకో ఎత్తు. ఐడా చివరికి ఒప్పుకున్నారు. అలాగని దేవుడే చూసుకుంటాడని చేతులు ముడుచుకు కూర్చోలేదు. డెబ్బై దాటిన వయసులో అమెరికా అంతా తిరిగి చందాలు పోగుచేశారు. 1942లో డిగ్రీ చదువు మొదలైంది. 1947లో మగ విద్యార్థులూ చేరారు. మూతపడాల్సిన పాఠశాల పెద్ద వైద్య కళాశాలగా నిలబడింది.

1946లో ఆమె బాధ్యతల నుంచి తప్పుకుని కొడైకెనాల్ చేరారు. కొద్ది ఏళ్లకే ఆ సంస్థ పగ్గాలు ఒక భారతీయురాలి చేతికొచ్చాయి. ఆమె విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా మేరీ లాజరస్. మగపిల్లల్ని చేర్చుకున్నంత మాత్రాన ఆడవాళ్ల చోటు పోలేదన్నమాట.

ఐడా 1960 మే నెలలో కన్నుమూశారు. అంతకు ముందు నెలే, ఏప్రిల్ 1న, మన తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారింది. ఆ హద్దుకు రెండు వైపుల నుంచీ కాన్పులకూ ఆపరేషన్లకూ జనం వేలూరు వెళ్తూనే ఉన్నారు.