తెలియకుండానే మందిచ్చిన యల్లాప్రగడ సుబ్బారావు గారు

బంగారుపాళ్యంలో హాస్టలు రోజుల్లో మా గదిలోని ఒక తమ్ముడికి మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేచి, తెల్లటి పొలుసులు రాలేవి. అంటుకుంటుందని భయపడి అతని ప్లేటు వేరు పెట్టించిన వాళ్లలో మేమూ ఉన్నాం. అది సోరియాసిస్ అనీ, అంటువ్యాధి కాదనీ పీ.జీ.కి వచ్చాకే తెలిసింది. అతను వాడిన మాత్ర ఎక్కడ పుట్టిందా అని వెదికితే మన తెలుగువారే కనిపించారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేదరికం. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు (సప్లిమెంటరీ రాసే తమ్ముళ్లు గమనించాలి!). మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసరుకు కోపం వచ్చి, చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని బలి తీసుకుంది. 1923లో అమెరికా చేరి, హార్వర్డులో చదువుకుంటూ ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేశారు. ఫిస్కేతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్ కనుగొన్నా అక్కడ శాశ్వత ఉద్యోగం రాలేదు.

1940లో లెడర్లే కంపెనీలో చేరారు. ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది పనికొచ్చింది. తర్వాత దానికి అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ తయారుచేశారు. అవి పిల్లల రక్త క్యాన్సరు కోసం. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు గారు కన్నుమూశారు.

మరుసటి నెలలోనే అమెరికాలో ఒక కీళ్లవాత రోగికి కార్టిజోన్ అనే హార్మోను ఇచ్చి చూశారు. అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఇలాంటి హార్మోన్లు వాపునూ ఎర్రదనాన్నీ అణచిపెడతాయి. నేటి స్టెరాయిడ్ క్రీములు వాటి బంధువులే. మచ్చలు త్వరగా తగ్గుతాయి గానీ, గాఢమైనవి ఎక్కువ రోజులు పూస్తే చర్మం పలచబడుతుంది. స్టెరాయిడ్ మాత్రలు హఠాత్తుగా మానేస్తే సోరియాసిస్ ఇంకా ఉధృతంగా తిరగబడవచ్చు. మన తమ్ముడు డాక్టరును అడక్కుండా ఏ ట్యూబు పడితే ఆ ట్యూబు పూసి తెచ్చుకున్న అవస్థ ఇదే.

1951లో గబ్నర్ అనే వైద్యుడు కీళ్లవాతానికి అమినోప్టెరిన్ ఇస్తుంటే రోగి సోరియాసిస్ కూడా తగ్గింది. ఆ దారిలోనే మెథోట్రెక్సేట్ చర్మానికి వచ్చింది. సుబ్బారావు గారికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేకపోయింది.

ఈ మాత్ర సోరియాసిస్‌కు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. రక్తపరీక్షలు తప్పవు. దుష్ఫలితాలు తగ్గడానికి వేరే రోజు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. రెండూ ఆయన బృందం పనిలోంచి వచ్చినవే.

ఈ వార్షికోత్సవానికి ఆ తమ్ముడూ వస్తానన్నాడు. ఈసారి ఒకే బంతిలో కూర్చుంటాం.