అంకెలు అడిగిన మనిషి: తరిమెల నాగిరెడ్డి

మాది కొండాపురం. కడప జిల్లా అంటే అందరికీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తెలుసు. కొండాపురం అంటే మాత్రం హాస్టల్లో ఇప్పటికీ అది ఎక్కడుంది అని అడుగుతారు. గుంతకల్లు నుంచి కడపకి రైల్లో వస్తుంటే తాడిపత్రి దాటాక, ముద్దనూరుకి ముందు వచ్చే స్టేషన్. గండికోట రిజర్వాయర్‌లో నీళ్ళు నిలబెట్టడం మొదలయ్యాక మా మండలం పేరు పేపర్లలో కనిపిస్తోంది, అదీ ముంపు ఊర్ల లిస్టుల్లో.

ఆ లిస్టుల దగ్గరే ఈ కథ మొదలైంది. ఒక లిస్టులో మా జేజి ఇల్లు ఖాళీ స్థలంగా నమోదైంది. నలభై ఏళ్ళు అందులో పొయ్యి వెలిగింది. జేజినాయన పోయి అడిగితే కంప్యూటర్లో అట్లే ఉంది అన్నారంట. నేను సీఎస్‌ఈ చదువుతున్నాను కాబట్టి ఇంట్లో అందరూ నావైపు చూశారు. కంప్యూటర్లో ఎవరో ఒకరు టైప్ చేస్తేనే ఏదైనా ఉంటుంది అని చెప్పాను. అప్పుడు జేజినాయన, ఇలాంటివి అసెంబ్లీలో లేచి నిలబడి అడిగే మనిషి ఒకప్పుడు మన పక్క జిల్లాలో ఉండేవాడు అన్నాడు. ఆయనే తరిమెల నాగిరెడ్డి. సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, నేను ఆ పేరు వినడం అదే మొదటిసారి.

నాగిరెడ్డి 1917 ఫిబ్రవరి 11న అనంతపురం జిల్లా తరిమెల గ్రామంలో పుట్టారు. బాగా కలిగిన రైతు కుటుంబం. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూల్లో, తర్వాత మద్రాసు లయోలా కాలేజీలో, ఆ తర్వాత బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. అంటే మనలాగే ఊరొదిలి ఇంగ్లీషులో చదువుకున్న పిల్లవాడే. ఆ చదువుతో హాయిగా ఒక పెద్ద ఉద్యోగం చూసుకోవచ్చు. ఆయన కమ్యూనిస్టు పార్టీలోకి వెళ్ళారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, యుద్ధం వల్ల దేశ ఆర్థిక పరిస్థితి ఏమవుతుందో వివరిస్తూ పుస్తకం రాసినందుకు బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టింది. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు కూడా లేవు. గమనించండి, మొదటిసారి జైలుకి పంపిన విషయం కూడా లెక్కలకి సంబంధించిందే.

1952లో స్వతంత్ర భారతంలో మొదటి ఎన్నికలు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం లేదు, మనమంతా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. అనంతపురం నుంచి నాగిరెడ్డి నిలబడ్డారు. కాంగ్రెస్ తరఫున ఎదురుగా ఉన్నది నీలం సంజీవరెడ్డి. ఆయన ఎవరో కాదు, నాగిరెడ్డి సొంత బావ, అక్కచెల్లెళ్ళలో ఒకరైన నాగరత్నమ్మ గారి భర్త. బావ మీద బామ్మర్ది గెలిచాడు. ఇది మన సీమలో ఇప్పటికీ కథలాగా చెప్పుకుంటారు. ఆ ఎన్నికల్లో మద్రాసు అసెంబ్లీలో 375 స్థానాలకి కాంగ్రెస్‌కి వచ్చినవి 152 మాత్రమే. కమ్యూనిస్టులకి 62 వచ్చాయి. అంటే ప్రభుత్వాన్ని నిలదీసే గొంతులు సభలో గట్టిగానే ఉన్నాయి. బయట రాయలసీమలో కరువు. గంజి కేంద్రాల ముందు జనం బారులు తీరిన కాలం అది. అనంతపురంలో సాధారణ సంవత్సరంలోనే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడుతుంది. అదీ పడకపోతే ఎలా ఉంటుందో సీమ పిల్లలకి నేను చెప్పాల్సిన పనిలేదు.

1957లో అనంతపురం నుంచే ఆయన లోక్‌సభకి వెళ్ళారు. ఇక్కడ ఒక నిమిషం ఆగి, సభలో ప్రశ్న అడగడం అంటే ఏంటో చెప్తాను. నాకూ ఈ వ్యాసం రాసేదాకా తెలీదు. టీవీలో కనిపించే అరుపులు కాదు అది. సభ్యుడు ముందుగానే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నక్షత్రం గుర్తు వేసిన ప్రశ్నకి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. నక్షత్రం లేని ప్రశ్నకి రాతలో జవాబు వస్తుంది. రెండూ రికార్డులో అచ్చవుతాయి. ఒకసారి అచ్చయ్యాక ఆ అంకె మంత్రిది కాదు, అందరిదీ. తర్వాత ఎవరైనా దాన్ని బయటికి తీసి, అప్పుడు ఇలా చెప్పారు, ఇప్పుడు ఇలా ఎందుకు చెప్తున్నారు అని అడగొచ్చు. నాకైతే ఇది వెర్షన్ హిస్టరీలాగా అనిపించింది. పాత కమిట్‌ని ఎవ్వరూ చెరపలేరు.

నాగిరెడ్డి ఉన్న ఆ రెండో లోక్‌సభలోనే ప్రశ్నకి ఎంత బలం ఉంటుందో దేశం చూసింది. కొత్తగా ఏర్పడిన ఎల్‌ఐసీ, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు సుమారు 1.25 కోట్ల రూపాయలకి ఎందుకు కొన్నదని సభ్యులు అడిగారు. ఫిరోజ్ గాంధీ ఆ వ్యవహారాన్ని లెక్కలతో సహా సభ ముందు పెట్టారు. ఆయన కూర్చున్నది కాంగ్రెస్ బెంచీలోనే, అప్పటి ప్రధాని నెహ్రూకి అల్లుడు. విచారణ జరిగి 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఒక ప్రశ్న ఆర్థిక మంత్రిని దించింది.

1962లో నాగిరెడ్డి మళ్ళీ రాష్ట్రానికి వచ్చారు. పుట్లూరు నుంచి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి ఎన్నికయ్యారు. ఆ ఏడాదే సంజీవరెడ్డి రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. ఒకసారి ఊహించుకోండి. ట్రెజరీ బెంచీల ముందు వరసలో బావ, ఎదురు బెంచీలో బామ్మర్ది. పండక్కి ఇంట్లో కలిస్తే ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలీదు గానీ, సభలో మాత్రం బంధుత్వం పనిచేయలేదు. 1964లో కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత సంజీవరెడ్డి పదవి వదులుకున్నారు, కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. నాగిరెడ్డి 1967లో అనంతపురం నుంచి మళ్ళీ గెలిచారు, ఈసారి సీపీఎం తరఫున.

ఆ సంవత్సరాల్లో దేశంలో అంకెల మీద పెద్ద గొడవలే నడిచాయి. 1963లో లోక్‌సభలో రామ్‌మనోహర్ లోహియా, దేశంలో 27 కోట్ల మంది రోజుకి మూడణాలతో బతుకుతున్నారని అన్నారు. నెహ్రూ కాదు, పదిహేనణాలు అన్నారు. రూపాయికి పదహారణాలు. ఒకే దేశం, ఒకే జనం, రెండు అంకెల మధ్య అయిదు రెట్ల తేడా. సగటు తీసేటప్పుడు పైవాళ్ళని కూడా కలిపితే ఒక అంకె వస్తుంది, కిందివాళ్ళని విడిగా లెక్కేస్తే ఇంకో అంకె వస్తుంది. మనం ఫస్టియర్ స్టాటిస్టిక్స్‌లో మీన్ గురించి చదివి మార్కులు తెచ్చుకుని మర్చిపోతాం. అక్కడ దాని వెనక ఆకలి ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1969 మార్చిలో నాగిరెడ్డి అసెంబ్లీకి రాజీనామా చేశారు. ఎన్నికల్లో ఓడిపోయి కాదు, ఎవరో తీసేసి కాదు. అంతకు ముందే 1968లో సీపీఎం నుంచి విడిపోయి, విప్లవకారుల కమిటీలో పనిచేయడం మొదలుపెట్టారు. ఈ సభలో ఎన్ని అడిగినా భూమి చేతులు మారడం లేదు, పేదవాడి బతుకు మారడం లేదు అనే నిర్ణయానికి ఆయన వచ్చేశారు. అదే ఏడాది చివర్లో అరెస్టయ్యారు. హైదరాబాద్ కుట్ర కేసు పెట్టారు.

కోర్టులో ఆయన చేసిన పని నన్ను ఆపేసింది. మామూలుగా ముద్దాయి తాను నేరం చేయలేదని చెప్పుకుంటాడు. ఈయన దేశ ఆర్థిక పరిస్థితి మీద పుస్తకమంత ప్రకటన ఇచ్చారు. విదేశీ అప్పులు, పి.ఎల్.480 కింద అమెరికా నుంచి వచ్చిన గోధుమలు, విదేశీ కంపెనీలతో ఒప్పందాలు, అమలు కాని భూసంస్కరణలు, అన్నీ వరసగా. వాటికి ఆధారాలుగా చాలావరకు ప్రభుత్వమే అచ్చేసిన నివేదికలనే చూపించారు. అదే తర్వాత తాకట్టులో భారతదేశం అనే పుస్తకం అయింది. సభని వదిలేసినా సభ నేర్పిన అలవాటుని ఆయన వదల్లేదు. ప్రభుత్వం చెప్పిన అంకెతోనే ప్రభుత్వాన్ని అడగడం.

ఎమర్జెన్సీ వచ్చాక అజ్ఞాతంలోకి వెళ్ళారు. అనారోగ్యంతో 1976 జులై 28న హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో చనిపోయారు. 59 ఏళ్ళు. సరిగ్గా ఏడాది తర్వాత, 1977 జులైలో, ఒకప్పుడు ఆయన చేతిలో ఓడిన సంజీవరెడ్డి రాష్ట్రపతి అయ్యారు.

ఆయన సభ వదిలేయడం కరెక్టేనా? దీని మీద జేజినాయనకీ నాకూ ఒక రాత్రంతా వాదన జరిగింది. వదలకుండా ఉన్నవాళ్ళూ ఉన్నారు కదా అన్నాను. సత్తెనపల్లి నుంచి పదే పదే గెలిచి అడుగుతూనే ఉన్న వావిలాల గోపాలకృష్ణయ్య ఉన్నారు. 1978లో మళ్ళీ గన్నవరం నుంచి గెలిచి అసెంబ్లీకి వచ్చిన పుచ్చలపల్లి సుందరయ్య ఉన్నారు. ముంద్రా వ్యవహారంలో ప్రశ్న గెలిచింది కదా అన్నాను. జేజినాయన, మంత్రి మారాడు సరే, గంజి కోసం నిలబడినోడు మారినాడా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన వెళ్ళిన దారిని నేను ఒప్పుకోలేను. కానీ పదిహేడేళ్ళు చట్టసభలు చూసిన మనిషి విసిగిపోయాడంటే, ఆ విసుగుని తేలిగ్గా కొట్టిపారేయడానికీ నాకు మనసు ఒప్పుకోవడం లేదు.

ఒక తేడా మాత్రం ఉంది. అప్పట్లో అంకె అడగాలంటే ఎమ్మెల్యేనో ఎంపీనో అయ్యుండాలి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక నేనూ అడగొచ్చు, మీరూ అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

అందుకే జేజినాయనతో కూర్చుని ఒక దరఖాస్తు రాశాను. మొదటి డ్రాఫ్ట్‌లో మాకు ఎందుకు అన్యాయం జరిగింది అని రాశాను. చదువుకుంటే నాకే అర్థమైంది, దానికి ఎవరైనా ఏమైనా రాసి పంపొచ్చు. మూడో డ్రాఫ్ట్‌లో మూడే ప్రశ్నలు మిగిలాయి. మా ఊర్లో ఎన్ని ఇళ్ళు ఖాళీ స్థలాలుగా నమోదయ్యాయి? సర్వే ఏ తేదీన జరిగింది? ఆ రోజు ఇంటికి వచ్చి చూసిన ఉద్యోగి హోదా ఏంటి? దేనికీ కథ చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు, అంకె రాయాలి, తేదీ రాయాలి, హోదా రాయాలి.

పోస్టు చేసి ఇవాళ్టికి పన్నెండు రోజులు. జేజి రోజూ ఫోన్ చేసి కాగితం వచ్చిందా అని అడుగుతోంది. ఇంకా పద్దెనిమిది రోజులుంది జేజీ అని చెప్తున్నాను.