ఆర్స్ గ్రామ విచారణ గురువు జాన్ మరియ వియాన్ని

ఫ్రాన్సు దేశమున లియోన్ నగరమునకు ఉత్తరముగా ముప్పది కిలోమీటరుల పైచిలుకు దూరమున ఆర్స్ అను పల్లె కలదు. ఆ సీమను దోంబ్ అందురు. బంకమట్టి నేలలకును, చెఱువులకును, శీతకాలపు పొగమంచునకును అది పేరుపడినది. 1818వ సంవత్సరమున ఆర్స్ జనసంఖ్య రమారమి 230, ఇండ్లు సుమారు 40, పానశాలలు 4. పదియిండ్లకు ఒక పానశాల యన్నమాట. ఊరి లెక్కలు వ్రాయువానికి ఆ యూరి స్థితి తెలియుటకు వేఱొక చిట్టా అక్కఱలేదు.

ఆ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ముప్పదియొక్క యేండ్ల గురువొకడు ఎక్యూలీ గ్రామమునుండి కాలినడకను వచ్చుచు, పొగమంచులో దారి తప్పి, గొఱ్ఱెలు కాచుకొను బాలునొకని ఆర్స్ కు త్రోవ యడిగెను. బాలుడు చూపెను. అందులకు ప్రతిగా తాను వానికి స్వర్గమునకు త్రోవ చూపెదనని ఆ గురువు మాట యిచ్చెనని చెప్పుదురు. పొలిమేరలో మోకరించి ప్రార్థించి, పిమ్మట ఊరు ప్రవేశించెను. ఆయనయే తరువాత లోకమునకు ఆర్స్ విచారణ గురువుగా తెలిసిన జాన్ మరియ వియాన్ని.

విచారణ యనగా కతోలిక సంప్రదాయమున ఒక గురువు పాలనకు ఒప్పగింపబడిన గ్రామము, లేక కొన్ని గ్రామముల కూటమి. అట్టి విచారణకు వారమే కొలత. ఆదివారమే ఆ వారమునకు మూలస్తంభము. ఆ కాలమున దివ్యపూజ లాటిను భాషలో జరుగుచుండెను. పామరులకు అది మంత్రమువలె వినబడునేగాని అర్థము కాదు. అయితే నడుమ గురువు ప్రసంగవేదిక నెక్కి దేశభాషలో మాటాడు ఘడియ యొక్కటి యుండెను. రాబోవు వారమున ఏనాడు పండుగ, ఏనాడు ఉపవాసము, గతించిన వారిలో ఎవరి యాత్మకొఱకు ఏ దినమున పూజ, ఏ యింటి చిన్నదానికి ఏ యింటి చిన్నవానితో వివాహము నిశ్చయమైనది, ఇవన్నియు అప్పుడు చదివి వినిపించుచుండెను. పెండ్లి ప్రకటన మూడుసార్లు చాటవలెను; అడ్డు చెప్పదలచినవాడు ఆలోపల చెప్పవలెను. 1563లో త్రెంతు మహాసభ చేసిన కట్టడి యది. పూర్వము రాజశాసనములు సైతము ఆ వేదికమీదనే చదువబడెడివి. పత్రిక యెఱుగని పల్లెకు అదియే పత్రిక, అదియే దండోరా. పుట్టుకలు, పెండ్లిండ్లు, చావులు వ్రాయు పుస్తకములును తరతరములుగ గురువు చేతిలోనే యుండెను.

1789లో విప్లవము వచ్చెను. 1792 సెప్టెంబరులో ఆ పుస్తకములు గురువుల చేతినుండి మేయర్ల కచేరీలకు మాఱినవి. మఱుసటి యేడు గుడులు మూతపడెను. గంటలు దించి కరగించిరి. పంచాంగమును సైతము మార్చి, ఏడు దినముల వారమునకు బదులు పది దినముల కొక విరామమును విధించిరి. పన్నుల కొఱకు కొలతలు మార్చిన ప్రభుత్వములు అనేకములు గలవు. ఈ ప్రభుత్వము ఆదివారమునే లెక్కలోనుండి కొట్టివేసెను. ఇట్లు వారము తెగిపోయిన కాలమున పెరిగిన బాలుడు వియాన్ని.

అతడు లియోన్ చెంత దార్దిలీ గ్రామమున 1786 మే 8వ తేదీన కర్షక కుటుంబమున జన్మించెను. బిచ్చగాండ్రకు అన్నము పెట్టి, చలికాలమున కొట్టములో పండుకొననిచ్చు ఇల్లది. రంతిదేవుని కథ చదివినవారికి ఆ యింటి వాడుక వింతగాదు. విప్లవ ప్రభుత్వమునకు ప్రమాణము చేయనొల్లని గురువులు మాఱువేషములు దాల్చి తల దాచుకొనుచుండిరి. పట్టుబడిన ప్రాణము దక్కదు. ఏ రాత్రి ఏ కొట్టములో పూజ జరుగునో ఆ కబురు చెవినుండి చెవికి నడచుచుండెను. 1799లో ఎక్యూలీలో నొక యింట ఆ బాలుడు ప్రథమముగా దివ్యసత్ప్రసాదమును స్వీకరించెను. లోపలి దీపము బయటికి కానరాకుండ కిటికీల యెదుట ఎండుగడ్డి బండ్లు నిలిపిరి. కూలీలు గడ్డి దించుచున్నట్లు నటించిరి. ఆనాటి గడ్డివాసన అతని జీవితమంతయు వెంటనుండెననుట అత్యుక్తి కాదు.

1801లో నెపోలియనుకును పోపుగారికిని సంధి కుదిరి, 1802లో గుడులు తిరిగి తెఱవబడెను. వేదికకు మాట వచ్చెనుగాని దానికొక కళ్లెము పడెను. మతవిషయములు, ప్రభుత్వము చదువుమన్నవి తప్ప ఇతరములు వేదికమీద ప్రకటింపరాదనియు, మేయరు ఎదుట వివాహము జరిగినట్లు రుజువు చూపనిదే గుడిలో పెండ్లి ఆశీర్వదింపరాదనియు శాసనము పుట్టెను.

ఇరువదియేండ్ల ప్రాయమున వియాన్ని గురువు కావలెనని ఎక్యూలీ విచారణ గురువు బాలే గారి యొద్ద చేరెను. చదువు సాగలేదు. నాగలి పట్టిన చేతికి లాటిను విభక్తులు లొంగలేదు. నేడు నేర్చినది ఱేపటికి నిలువదు. భక్తితో నూఱు కిలోమీటరుల దూరము బిచ్చమెత్తుకొనుచు నడచి, పునీత ఫ్రాన్సిసు రేజిసు సమాధిని దర్శించి వచ్చెను. విభక్తులు కొంచెము మెత్తబడెను, అంతియే.

1809లో స్పెయిను యుద్ధమునకు సైన్యములోనికి పిలుపు వచ్చెను. దారిలో జబ్బుపడి వెనుకబడినవాడు, తన దళమును కలిసికొనబోవుచు, ఎదురైన అపరిచితుని వెంట లే నోయే అను కొండపల్లెకు చేరి, అచ్చట మాఱుపేరుతో పదునాలుగు నెలలు దాగెను. ఎండుగడ్డిక్రింద ఊపిరాడక పడియుండగా వెదకవచ్చిన భటుని కత్తిమొన తనకు తాకెననియు, అయినను కిక్కురుమనలేదనియు చెప్పుదురు. ఆ పల్లె పిల్లలకు అక్షరములు నేర్పెను. సైన్యమును విడిచినవాడనుట సత్యము. దానిని దాచిపెట్టి చరిత్ర వ్రాయుట భక్తియు కాదు, లెక్కయు కాదు. తమ్ముడు బదులుగా సైన్యమున చేరుటచేతను, 1810 నాటి సామూహిక క్షమాపణచేతను అతడు ఇల్లు చేరెను. కొలదిదినములకే, 1811లో, తల్లి మరణించెను.

లియోన్ గురువిద్యాలయమువారు లాటిను రాదని పంపివేసిరి. బాలే గారు విడువక మరల చదివించి, అధికారులయెదుట మరల నిలిపిరి. అతడు విద్వాంసుడా కాడా యని గాక, భక్తుడా కాడా యని వారు విచారించి సమ్మతించిరి. 1815 ఆగస్టు 13న గ్రెనోబుల్ నగరమున గురుపట్టము లభించెను. రెండేండ్లు బాలే గారికి సహాయకుడుగా నుండి, 1817లో ఆయన మరణింపగా, ఎవరును కోరని ఆర్స్ కు పంపబడెను.

ఆర్స్ ప్రజలు దుర్మార్గులు కారు. ఆదివారము వారికి మఱియొక పనిదినము. సాయంకాలము పానశాల, పిమ్మట నాట్యము. క్రొత్త గురువు మొదట చేసిన పని, జమీందారిణి ఇచ్చిన మంచి సామానులను తిరిగి పంపివేయుట. పిమ్మట తన వారమును దిద్దుకొనెను. ఒక కుండెడు బంగాళాదుంపలు ఒక్కసారి ఉడికించి దినమున కొకటి రెండు చొప్పున చల్లనివే తినుచుండెను. వారము చివరవానిపై బూజు పట్టెడిది. తెల్లవాఱకముందే గుడిలో మోకరించి యుండెడివాడు. ఈ కఠిన ఉపవాసములు తన యౌవనపు అవివేకములని ముసలితనమున తానే యొప్పుకొనెను.

ప్రసంగము ఆయనకు గండము. రాత్రులు మేలుకొని వ్రాసి, వల్లించి, ఆదివారము వేదిక నెక్కి, నడుమ మఱచిపోయి దిగివచ్చిన దినములు కలవు. అయినను ఆ వేదికను విడువలేదు. పానశాలలను గూర్చియు, ఆదివారపు చాకిరిని గూర్చియు వారము వారము చెప్పెను. ఒకనాడు నాట్యమునకు వచ్చు ఫిడేలువానికి రెట్టింపు కూలి తానే యిచ్చి త్రోవలోనుండియే పంపివేసెనట. నాలుగు పానశాలలు క్రమముగా మూతపడెను; తరువాత తెఱచిన ఏడును నిలువలేదు. దినాంతమున గంట కొట్టగానే కలిసి ప్రార్థించుటకు జనులు గుడికి రాసాగిరి. పొలమునకు పోవు రైతులు పాఱయు పలుగును గుడితలుపునొద్ద ఉంచి లోనికి వచ్చి, పెదవి కదపక కొంతసేపు కూర్చుండి పోవుట వాడుకయయ్యెను.

ఇది చెప్పుటకు తేలిక. జరుగుటకు పదియేండ్లు పట్టెను. అందులో మెచ్చరాని భాగమును కలదు. నాట్యమాడిన పడుచులకు పాపసంకీర్తనమున క్షమాపణ నిరాకరించి నెలల తరబడి, ఒక్కొక్కయెడ యేండ్ల తరబడి, నిలిపెను. స్నాపకుడైన యోహాను శిరస్సు ఒక నాట్యమునకు వెలయయ్యెనని ఆ పునీతుని పేరిట కట్టించిన చిన్నగుడిలో వ్రాయించెను. ఒక సాయంకాలము పాదము కదపిన పిల్లను పండుగనాడు పంక్తికి దూరముచేయుట మితిమీఱిన దండనమే. ఆ కాలపు గురువిద్యాలయములు నేర్పిన కాఠిన్యమది. వియాన్ని గొప్పతనము దానిని పట్టుకొని వ్రేలాడకపోవుటలో నున్నది. పునీత అల్ఫోన్సు లిగోరి ధర్మశాస్త్రము ఫ్రాన్సున వ్యాపింపగా ఆయన దానిని గ్రహించి, 1840 ప్రాంతమునకు మెత్తబడెను. పెద్ద పాపికి చిన్న ప్రాయశ్చిత్తము విధించి, మిగిలినది తాను ఉపవాసముగా చెల్లించుట అలవాటు చేసికొనెను. ఇతరుల పద్దు తన ఖాతాలో వ్రాసికొనుట యన్నమాట.

ఊరి చదువుకొఱకు 1824లో బాలికలకు ఉచిత పాఠశాల తెఱచి, దానికి ప్రొవిడెన్సు అని పేరిడెను. కాతెరీన్ లసాన్య్ అను గ్రామకన్యయు ఆమె చెలికత్తెయు ఉపాధ్యాయినులు. మూడేండ్లలో అది అనాథ బాలికల నివాసమును అయ్యెను. గోధుమలు లేక గాదె యడుగంటినప్పుడు ప్రార్థింపగా నిండెనని ఆ యూరివారు చెప్పుకొను కథ ప్రసిద్ధము. అచ్చట ఆయన దినదినము చెప్పు సత్యోపదేశము వినుటకు మొదట పిల్లలు, పిమ్మట పెద్దలు, ఆపైన పరదేశులు వచ్చిరి. 1847లో పీఠాధిపతి ఆ సంస్థను కన్యాస్త్రీల సభ కప్పగింపగా ఆయన మిక్కిలి నొచ్చుకొనెను, ఎదురాడలేదు.

పేరు పెరిగిన కొలది నిందయు పెరిగెను. ఇరుగుపొరుగు విచారణల గురువులు కొందఱు, ఆయన చదువులేనివాడు గావున తొలగింపవలెనని మహజరు వ్రాసి చేతులు మార్చుకొనుచు సంతకములు చేయుచుండిరి. అది పొరపాటున ఆయన చేతికే వచ్చెను. చదివి, తానును సంతకముచేసి, పీఠాధిపతికి పంపెను. ఆ సంతకముతో మహజరు చచ్చినది.

1830 తరువాత యాత్రికులు వేలకొలదిగా, చివరి యేండ్లలో ఏటికి లక్షకు సమీపముగా వచ్చిరి. లియోన్ నుండి ప్రత్యేకముగ బండ్లు నడచెను. ఆయనను కలిసికొనుటకు దినములు కాచియుండవలసివచ్చుటచే రైలువారు ఎనిమిది దినముల గడువుగల టిక్కెట్లు అమ్మిరి. శీతకాలమున దినమునకు పదునొకండు గంటలు, వేసవిలో పదునాఱు గంటల వఱకు పాపసంకీర్తన పీఠమున కూర్చుండుట ఆయన పని యయ్యెను. 1845లో, ఫ్రాన్సు అంతట ప్రసంగములకు పేరుమోసిన లకోర్దేర్ గారు వచ్చి, మాటలు మఱచి దిగివచ్చిన ఆ గురువు ప్రసంగమును వినయముతో వినిపోయిరి.

ఊరికి ఆదివారము నిచ్చినవానికి తనకు మాత్రము విరామము లేకపోయెను. ఏకాంతమున ప్రార్థించుకొని చావవలెనని ఆయన కోరిక. పలుమాఱు ఊరు విడువజూచెను. 1843లో ప్రాణాంతకమగు జబ్బునుండి లేచి, రాత్రివేళ దార్దిలీకి పాఱిపోయెను. యాత్రికులు అచ్చటికిని పోయిరి. వారమునకు మరల వచ్చెను. 1853లో మరల అర్ధరాత్రమున బయలుదేఱగా సంగతి పొక్కెను. అగ్నిభయమునాడు మ్రోగించునట్లు గంట మ్రోగించిరి. జనులు దివిటీలతో వచ్చి త్రోవ కడ్డము నిలిచిరి. ఏ గంటతో ఆ యూరిని గుడికి పిలుచుట నేర్పెనో ఆ గంటయే ఆయనను పట్టియిచ్చెను. తిరిగి పోయి పీఠమున కూర్చుండెను.

బిరుదులు ఆయనకు బరువు. 1852లో పీఠాధిపతి కప్పిన గౌరవవస్త్రమును అమ్మి, ఏబది ఫ్రాంకులు తెచ్చి దానము చేసెను. 1855లో ప్రభుత్వము పతకమీయగా, దానివలన బీదలకు ఏమియు రాదని తెలిసి దానిపై ఆసక్తి విడిచెను. ఇంచుమించు ఆ కాలముననే, 1846లో, పొరుగు సవాయి సీమలోని ఆన్సీ నగరపు గురువులు మన విశాఖపట్టణమున దిగి, ఆంధ్రతీరమున ఇట్టి విచారణలు నెలకొల్ప నారంభించిరి.

1859 జూలై చివర ఎండ తీవ్రముగా నుండెను. 29వ తేదీ శుక్రవారము దినమంతయు పీఠమున కూర్చుండి, రాత్రి ఇల్లు చేరి, మరల లేవలేదు. గది చల్లబడుటకై గ్రామస్థులు ఇంటికప్పుపై దుప్పట్లు పఱచి నీరు చల్లుచుండిరి. ఆగస్టు 4, గురువారము, వేకువకు ముందు రెండు గంటలకు మరణించెను. అప్పటికాయనకు 73 యేండ్లు. ఆర్స్ లో 41 యేండ్లు. 1925 మే 31న పదునొకండవ పీయూసు పోపుగారు పునీతునిగా ప్రకటించిరి. 1929లో లోకమందలి విచారణ గురువులకెల్ల పాలకునిగా నియమించిరి.

ఆ పాతగుడిని కూల్చక, దానికి చేర్చి పెద్ద దేవాలయమును కట్టిరి. మాటలు మఱచిన వేదికయు, పాపసంకీర్తన పీఠమును, ప్రక్కనున్న ఇంటిలో దుంపలు ఉడికించిన కుండయు నేటికిని అచ్చట చూపుదురు.