చీనా విద్యాతపస్వి జేమ్స్ లెగ్

విద్య కోసం చైనా దేశం దాకా అయినా వెళ్లాలనే మాటను మన ఇళ్లలో పెద్దలు చెప్పగా చిన్ననాటి నుండి వింటూనే ఉన్నాము. అది ప్రవక్తవారి నోట వెలువడిన మాటేనా అనే విషయంలో హదీసు పండితులు అనేకులు సందేహం వెలిబుచ్చారు. అయినా అందులోని అంతరార్థాన్ని కాదన్నవారు లేరు. దూరం విద్యకు అడ్డు కారాదన్నదే ఆ అంతరార్థం. కాని దూరదేశపు విద్యను అభ్యసించదలచిన వానికి దూరాన్ని మించిన ప్రశ్న మరొకటి ఎదురవుతుంది. ఎవరి మధ్య కూర్చుండి చదువుకోవాలి? ఏ విద్యాసంస్థ తనను తనవానిగా స్వీకరిస్తుంది? ఈ ప్రశ్నకు తన జీవితంతోనే సమాధానం వెదకిన పండితుడు జేమ్స్ లెగ్.

లెగ్ 1815 డిసెంబరు 20వ తేదీన స్కాట్లండులోని హంట్లీ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. అబర్డీనులోని కింగ్స్ కళాశాలలో చేరి, లాటిను భాషలో అసాధారణమైన ప్రజ్ఞ చూపి, 1835లో పట్టభద్రుడైనాడు. అదే కళాశాలలో లాటిను బోధించే అవకాశం ఆయన ఎదుట నిలిచింది. కాని దానికి ఒక షరతు ఉన్నది. లెగ్ కుటుంబం ప్రభుత్వ గుర్తింపు కలిగిన చర్చికి చెందినది కాదు. స్వతంత్ర క్రైస్తవ సమాజానికి చెందినది. ఆ యువకుడు తన సమాజాన్ని విడిచి అధికార చర్చిలో చేరితే ఉద్యోగం లభిస్తుంది. ఇరవై ఏళ్ల వయస్సులో, చేతికి అందివచ్చిన పదవిని ఆయన వదులుకొన్నాడు. విశ్వాసాన్ని తాకట్టు పెట్టి సంపాదించే పీఠం తనది కాదని నిశ్చయించుకొన్నాడు.

ఆ కాలంలో ఇంగ్లండులోని ప్రాచీన విశ్వవిద్యాలయాల పరిస్థితి మరింత కఠినంగా ఉండేది. ఆంగ్లికను చర్చి సిద్ధాంతాలకు అంగీకారం తెలుపుతూ సంతకం చేయనిదే ఆక్స్‌ఫర్డులో విద్యార్థిగా చేరడానికే వీలు లేదు. అంటే ఆనాటి ఆక్స్‌ఫర్డు లెగ్ వంటి వారికి మూసిన తలుపు. ఆ కారణంగానే లండనులో మతపరీక్ష లేని యూనివర్సిటీ కళాశాల 1826లో వెలసింది. ఇంగ్లండులో తొలి చీనా భాషాచార్య పదవి ఏర్పడినది ఆ కళాశాలలోనే. శామ్యూల్ కిడ్ అనే పండితుడు 1837లో ఆ పదవిని స్వీకరించాడు. చైనాలో చాలాకాలం పనిచేసిన రాబర్ట్ మారిసన్ సేకరించిన చీనా గ్రంథాలు కూడా అక్కడికే చేరాయి. లండను మిషనరీ సొసైటీలో చేరి చైనా వెళ్లడానికి సిద్ధపడుతున్న లెగ్, కిడ్ వద్ద అక్షరాభ్యాసం చేశాడు. మతాన్ని అడగని కళాశాల, భాష ఎరిగిన గురువు, గ్రంథాలయం: ఈ మూడూ ఒకేచోట దొరకడం ఆయన అదృష్టం.

1840 జనవరిలో ఆయన మలక్కా చేరుకొని, అక్కడి ఆంగ్లో-చైనీస్ కళాశాల బాధ్యతలు వహించాడు. 1843లో ఆ విద్యాసంస్థను హాంగ్‌కాంగుకు తరలించాడు. ధర్మప్రచారం కోసం వచ్చిన ఆయనకు ఒక సత్యం త్వరలోనే బోధపడింది. ఒక జాతికి ఏదైనా చెప్పదలచినవాడు ముందు ఆ జాతి చదువుకొనే గ్రంథాలను చదవాలి. కన్ఫ్యూషియసు, మెన్షియసు ప్రభృతుల గ్రంథాలను మూలంతో, అనువాదంతో, విపులమైన వ్యాఖ్యతో ప్రకటించడానికి ఆయన పూనుకొన్నాడు. తెల్లవారుజామున మూడు గంటలకే లేచి దీపం ముందు కూర్చోవడం ఆయనకు జీవితాంతం నిలిచిన అలవాటు. 1861 నుండి 1872 వరకు ఐదు మహాసంపుటాలు వెలువడ్డాయి.

ఈ మహాకార్యంలో ఒక వైరుధ్యమూ లేకపోలేదు. ముద్రణ వ్యయానికి అండగా నిలిచిన జోసెఫ్ జార్డిన్, నల్లమందు వ్యాపారంతో ధనం గడించిన సంస్థకు చెందినవాడు. లెగ్ మాత్రం ఆ వ్యాపారాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు. విద్యకు వచ్చే ధనం ఎల్లప్పుడూ నిర్మలమైన చోటునుండే రాదన్న చేదు నిజాన్ని ఈ ఉదంతం మనకు గుర్తుచేస్తుంది.

లెగ్ జీవితంలో అత్యంత ముఖ్యమైన సహవాసం 1862లో లభించింది. తైపింగ్ తిరుగుబాటుదారులతో సంబంధం ఉన్నదనే అనుమానానికి గురియైన వాంగ్ తావ్ అనే చైనా పండితుడు షాంఘై నుండి తప్పించుకొని హాంగ్‌కాంగు చేరాడు. స్వదేశంలో తలదాచుకొనే చోటులేని ఆ విద్వాంసుడు లెగ్ అనువాద కార్యంలో కుడిభుజమైనాడు. కఠినమైన ప్రాచీన గ్రంథాలకు శతాబ్దాలుగా పుట్టిన వ్యాఖ్యలను వెదకి, పోల్చి, సారాంశం వ్రాసి ఇచ్చేవాడు. 1867లో లెగ్ స్కాట్లండుకు వెళ్లినప్పుడు వాంగ్ తావ్‌ను కూడా రప్పించుకొన్నాడు. డాలర్ అనే కొండపల్లెలో ఆ ఇద్దరూ 1870 వరకు కలిసి పనిచేశారు. కడపలో బంగళా కొని, సొంత ధనంతో పండితులను పోషించి, తెలుగు కావ్యాలను పరిష్కరింపజేసిన సి.పి. బ్రౌను కథ మనకు తెలిసినదే. పేరు దొర దైనా, ఆ శ్రమలో సగపాలు పండితులది. లెగ్ ఈ సత్యాన్ని దాచలేదు. వాంగ్ తావ్ సాయాన్ని తన గ్రంథపీఠికలో కృతజ్ఞతతో పేర్కొన్నాడు.

1873లో చైనాను విడిచే ముందు ఆయన ఉత్తరదేశ యాత్ర చేసి, కన్ఫ్యూషియసు సమాధిని దర్శించాడు. పెకింగులోని స్వర్గదేవాలయపు వేదికను ఎక్కేటప్పుడు పాదరక్షలు విడిచాడు. పరుల పవిత్రస్థలాన్ని గౌరవించినంత మాత్రాన తన విశ్వాసం సడలదని ఆయన ఎరుగును. కాని తోటి మిషనరీలలో చాలామందికి ఇది నచ్చలేదు. 1877లో షాంఘైలో జరిగిన మిషనరీల మహాసభకు ఆయన పంపిన వ్యాసాన్ని సభావిశేషాల సంపుటిలో ప్రచురించలేదు. ఒకనాడు విశ్వాసాన్ని విడువనందుకు కళాశాల ఆయనను దూరం చేసింది. ఇప్పుడు అన్యుల విశ్వాసాన్ని గౌరవించినందుకు స్వజనమే దూరం చేసింది.

ఈలోగా ఆక్స్‌ఫర్డులో మార్పు వచ్చింది. 1854లో, తిరిగి 1871లో పార్లమెంటు చేసిన చట్టాల మూలంగా పట్టాలకు, ఫెలోషిప్పులకు, ఆచార్యపదవులకు మతపరీక్షలు చాలవరకు తొలగిపోయాయి. చైనాతో సంబంధం ఉన్న వర్తకులు, మిత్రులు నిధి సమకూర్చగా చీనా భాషాచార్య పీఠం ఏర్పడింది. అరవై ఏళ్ల వయస్సులో, 1876లో, లెగ్ దానికి తొలి ఆచార్యుడైనాడు. 1517లో స్థాపితమైన కార్పస్ క్రిస్టీ కళాశాల ఆయనకు ఫెలోగా స్థానం కల్పించింది. అది చిన్న కళాశాల. లాటిను, గ్రీకు విద్యలకు పేరుగన్నది. ప్రాచీన గ్రంథాలను అక్షరమక్షరం పరిశీలించే ఆ వాతావరణంలో, చైనా ప్రాచీన గ్రంథాలకు జీవితం ధారపోసిన పండితుడు ఒదిగిపోయాడు. అక్కడే మన దేశంలో మోక్షమూలరుగా ప్రసిద్ధుడైన మాక్స్ ముల్లరు ఆయనకు సన్నిహితుడైనాడు. 1860లో విదేశీయుడన్న కారణం కూడా తోడై సంస్కృతాచార్య పదవిని కోల్పోయిన ముల్లరుకు, వెలుపల నిలబడినవాని బాధ తెలుసు. ముల్లరు సంపాదకత్వంలో వెలువడిన ప్రాచ్య పవిత్రగ్రంథమాలకు లెగ్ ఆరు సంపుటాలు సమకూర్చాడు. మన చరిత్ర పాఠాలలో కనిపించే ఫాహియాన్ యాత్రావృత్తాంతాన్ని కూడా ఆయన 1886లో ఆంగ్లంలోకి అనువదించాడు.

ఆయన తరగతిలో విద్యార్థులు ఎన్నడూ వేళ్లపై లెక్కించదగినంతమందే. అయినా తెల్లవారుజాము దీపం ఆరలేదు. 1897 నవంబరు 29న ఆక్స్‌ఫర్డులో ఆయన కన్నుమూశాడు. ఆయన అనువాదాలలో దోషాలను తరువాతి పండితులు ఎత్తి చూపారు. కాని వాటిని దాటిపోవలసిన మెట్టుగానే తప్ప, తోసివేయదగిన రాయిగా ఎవరూ చూడలేదు.

విద్యార్థులారా! డిగ్రీ చదువు ముగించి ఉన్నత విద్యకు వెళ్లేవేళ మీరు భవనాల ఎత్తును, పేరులోని గొప్పను మాత్రమే చూడవద్దు. అక్కడ మీ విషయం తెలిసిన గురువు ఉన్నాడా, గ్రంథాలు ఉన్నాయా, ఆ భాషను తల్లిభాషగా కలిగిన సహపాఠి పక్కన కూర్చుంటాడా అని విచారించండి. మీ విశ్వాసాన్ని గుమ్మం బయట విడిచి రమ్మనే చోటు ఎంత గొప్పదైనా, లెగ్ వలె ఒక్కసారి ఆలోచించండి. ఉర్దూ, తెలుగు ఒకే ప్రాంగణంలో వినిపించే ఇటువంటి కళాశాలను నడుపుతున్న పెద్దలకు నా విన్నపం కూడా ఒక్కటే. మూసిన తలుపు ముందు నిలబడినవారి వ్యథ మనకు తెలుసు. కనుక మన తలుపు ఎవరి కోసమూ మూసుకొనకుండా చూడడం మన ధర్మం. ఆక్స్‌ఫర్డు తలుపు తెరుచుకొనేనాటికి లెగ్‌కు అరవై ఏళ్లు నిండాయి. అంతకాలం ఎదురుచూచే ఓపిక అందరికీ ఉండదు.